కంచి ముట్టిన చెయ్యి

మొన్న ఆదివారం ఫోనులో సినిమా టిక్కెట్టు తీస్తుంటే వేలు అలవాటు కొద్దీ రెండు సీట్లు నొక్కింది. సముద్రంలోంచి లేచి వచ్చి ఊళ్ళు తొక్కే బ్రహ్మాండమైన బల్లి సినిమా. ఇలాంటివి ఏడాదికో రెండేళ్ళకో ఒకటి వస్తూనే ఉంటాయి. తొక్కిన ఊళ్ళు మళ్ళీ కట్టుకునేంత వ్యవధి ఇస్తారు కాబోలు. ఆ రెండో సీటు మా వీధి పెద్దాయనది. ఆయన పోయి సంవత్సరం కావస్తోంది. ఆ సంగతి నాకు తెలుసు. వేలికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒక సీటు తీసేసి, ఒక్కణ్ణే వెళ్ళి చూసి వచ్చాను. సినిమాకు వంక పెట్టడానికేమీ లేదు. పట్నం పూర్తిగా నేలమట్టమైంది. కానీ పక్కన కూర్చుని ఎవరూ కుర్చీ చేతిని మెటికలతో టకటకా కొట్టలేదు. అందువల్ల అంత నాశనమూ నాకు ఒంటబట్టలేదు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన కుడి చెయ్యి గురించి చెప్పాలి.

మా వైపు మనిషి మీద బల్లి పడితే అది బల్లికి జరిగిన ప్రమాదం కింద లెక్క కాదు, మనిషికి వచ్చిన కబురు కింద లెక్క. భుజం మీద పడితే ఏమిటి, మోకాలి మీద పడితే ఏమిటి అని పంచాంగం చివర్న వివరంగా ఉంటుంది. చెడు ఫలితాలకు విరుగుడు కంచిలో ఉంది. అక్కడ గుడి కప్పులో ఒక బంగారు బల్లి, ఒక వెండి బల్లి ఉంటాయి. మెట్లెక్కి వాటిని ముట్టుకుంటే బల్లిపాటు దోషం అంటదు. అందరూ కంచికి పోలేరు గనక పెద్దవాళ్ళు ఇంకో వెసులుబాటు కూడా కల్పించారు. కంచి బల్లిని ముట్టుకున్న మనిషిని ముట్టుకున్నా చాలు, పని జరిగిపోతుంది. లోకంలో రోగాలకు మాత్రమే ఉన్న ఈ అంటుకునే గుణాన్ని పుణ్యానికి కూడా ఇప్పించిన ఘనత మా వాళ్ళదే.

తిరుపతిలో మా వీధికంతా కంచి ముట్టిన చెయ్యి ఆయనది.

రైల్వే స్టేషను దగ్గర ఒక లాడ్జి కౌంటరులో ఆయన ఉద్యోగం. సర్వీసంతా చేసిన పని, బ్యాగులు మోసుకుని, పిల్లల్ని ఎత్తుకుని, గుండ్లు గీయించుకుని వచ్చే యాత్రికులకు "రూములు లేవు" అని చెప్పడం. అన్ని భాషల్లోనూ చెప్పగలడు. తమిళంలో కొంచెం దయగా కూడా చెప్పగలడు. జీవితమంతా లేదు లేదని చెప్పిన మనిషికి, రిటైరయ్యాక, అడిగినవాళ్ళకు ఇవ్వడానికి ఒకటంటూ మిగిలింది. అది ఆ చెయ్యి. అందుకని దాన్ని ఆయన మిగతా ఒంటి కంటే కొంచెం శుభ్రంగా ఉంచుకునేవాడు.

పొద్దున్నే ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడేవారు.

"మామా, భుజం మింద పడిండాది."

"కుడా, ఎడమా?"

"ఎడమ."

"పడి పైకి పాకిందా, కిందికి దిగిందా?"

"నేను అరిసేసినా మామా, అది యాడికి పోయిందో సూసుకోలేదు."

ఆయన తుండుగుడ్డతో చెయ్యి తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఆ భుజాన్ని ముట్టుకునేవాడు. ఏమీ పుచ్చుకునేవాడు కాదు. వచ్చినమ్మ కొంగు సర్దుకుని, పెద్ద ఆపరేషను తప్పినట్టు మొహం పెట్టుకుని వెళ్ళేది. ఆయన కూడా దాదాపు సర్జను మొహంతోనే లోపలికి వచ్చేవాడు.

ఇంత చెయ్యి ఉన్న మనిషికి బల్లులంటే చచ్చేంత భయం. గోడ మీద చూపుడు వేలంత బల్లి కనబడితే చాలు, పేపరు చదవడానికి ఉన్నట్టుండి వరండాలో వెలుతురు బాగుందనిపించేది ఆయనకు. ఆయన భార్యను నేను అత్తా అని పిలిచేవాణ్ణి. చీపురు పట్టుకుని ఆమె అనేది: "సూసినావా నాయనా, కంచి బల్లిని ముట్టొచ్చిన మొగోడు. గోడ మింది బల్లిని సూసి ఇల్లిడిసి ఎలబారిపోయినాడు."

"అది భయం గాదే," అనేవాడు వరండాలోంచి. "మర్యాద."

అలాంటి మనిషి సినిమా హాల్లో అయిదంతస్తుల బల్లిని చూడ్డానికి మొదటి ఆటకే తయారయ్యేవాడు. అదేమిటి మామా అని ఒకసారి అడిగాను.

"సిన్నది మన మింద పడతాది. దానికి ఫలితం ఉంటాది. పెద్దది పడితే ఫలితం సూసుకునేదానికి మనముండం. ఇంగ భయమెందుకు?"

ఇంతకన్నా గట్టి వాదం నేను డిగ్రీలో కూడా వినలేదు.

ఆయన పక్కన కూర్చుని సినిమా చూడటం ఒక చదువు. గోడ మీద బల్లి టిక్ టిక్ మంటే, అప్పుడు మాట్లాడుతున్న మాట నిజమని దాని సాక్ష్యం. మనం "సత్యం" అని మెటికతో మూడుసార్లు తట్టాలి. తెర మీద బల్లి అరిచినా ఆయన ఆ పద్ధతి తప్పేవాడు కాదు. కళ్ళద్దాల శాస్త్రవేత్త ఎవడో "ఇంకొక్క రోజులో ఈ నగరం మిగలదు" అంటాడు. సముద్రంలోంచి హాలు కుర్చీలదిరేటట్టు అరుపు వస్తుంది. ఈయన కుర్చీ చెయ్యి మీద టక్ టక్ టక్. "సత్యం." ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. కానీ నగరం నిజంగానే మిగిలేది కాదు. ఈ విషయంలో ఆయన పద్ధతి ఎప్పుడూ తప్పలేదు.

ఆ జంతువు గురించి ఆయనకున్న సందేహాలు వేరు. జనమంతా అది ఎవర్ని చంపుతుందా అని చూస్తుంటే, ఈయన అది ఏ జాతి అని చూసేవాడు.

"వీపు మింద ముండ్లుండాయి అల్లుడా. ఇది బల్లి గాదు, తొండ."

"తొండైతే ఏం మామా?"

"ఏమని మెల్లిగా అడగతావే! తొండకు కంచి పలకదు. ఊరోళ్ళంతా బల్లి అనుకోని గమ్మునుండారు, పాపం."

ఇంటర్వెల్ దాకా ఆ ఊరివాళ్ళ మీద జాలిపడి, సమోసా తిన్నాక మనసు మార్చుకున్నాడు. తొండైతే తల పైకీ కిందికీ ఊపాలి. ఇది ఒక్కసారి కూడా ఊపలేదు. కాబట్టి బల్లే. ఊరికి భయం లేదు. తర్వాత ఆ ఊరు మొత్తం కాలిపోయింది, అది వేరే సంగతి.

అసలది ఊళ్ళోకి ఎందుకు వచ్చిందన్నది ఇంకో పెద్ద ప్రశ్న. సినిమావాళ్ళు అణుబాంబనీ సముద్ర గర్భమనీ ఏవో చెబుతారు. ఆయన అవేవీ ఒప్పుకోలేదు. "రూము దొరకలేదప్పా దానికి. అంతే. అంత దూరం నించి వచ్చింది. ఒళ్ళు సూస్తే అంత ఉండాది. యాడ పండుకుంటాది? ఒగ బిల్డింగు కాడికి పోయింది, తట్టింది, పలకలేదు. ఇంగోదాని కాడికి పోయింది. బ్రహ్మోత్సవాలప్పుడు నా కౌంటరు ముందర మనుసులే ఇంతకన్నా ఎక్కువ అరిసినారు." ఆ మాట విన్నాక అలాంటి సినిమాల్లో నాకు విలన్ కనబడటం మానేశాడు. ఒక పెద్ద కుటుంబీకుడు, బ్యాగు లేకుండా, రూము కోసం తిరుగుతున్నట్టే ఉంటుంది.

ఇలా సాగుతుండగా ఒక ఉదయం ఆటలో ప్రమాదం జరిగింది. పాత హాలు. తెర మీద బల్లి ఎత్తయిన మేడ మీంచి నగరం నడిమధ్యకు దూకింది. సరిగ్గా అదే క్షణంలో, హాలు కప్పులోంచి, ఒక మామూలు బల్లి ఆయన నడినెత్తిన పడింది.

ఆయన పెట్టిన కేకకు హాలంతా ఈలలు వేసి చప్పట్లు కొట్టింది. త్రీడీ బాగా పనిచేస్తోందనుకున్నారు. ఆ చిన్న బల్లి నా ఒళ్ళోంచి దూకి చీకట్లోకి పోయింది. ఆయన మాత్రం కుడి చెయ్యి నెత్తి మీద పెట్టుకుని, సినిమా అయ్యేదాకా దించలేదు. శాస్త్రవేత్తలు ఏమేమో అన్నారు. పెద్ద బల్లి అరిచింది. కుర్చీ చెయ్యి మీద ఒక్క దెబ్బ కూడా పడలేదు.

నడినెత్తిన పడితే పంచాంగంలో ఒకటే మాట రాసి ఉంటుంది. ఆ మాట నేను ఇక్కడ రాయను. అంత చదువుకున్నవాణ్ణయినా ఎందుకో రాయబుద్ధి కావడం లేదు.

తర్వాత ఆయన బయటికి రావడం తగ్గించాడు. ముట్టుకోమని వచ్చినవాళ్ళను ఒంట్లో బాగాలేదని పంపేశాడు. అత్త మా ఇంటికొచ్చింది. "రెండు ముద్దలు తిని లేస్తా ఉండాడు నాయనా. నెత్తిన పడిందంట గదా. నీ సెయ్యి నీ నెత్తికి పనికిరాదా అంటే, గోడపక్కకు తిరుక్కోని పండుకుంటాడు. నువ్వన్నా అడిగి సూడు."

వెళ్ళాను. వరండాలో కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో పోగొట్టుకున్న వస్తువు తన దగ్గర దొరికినట్టు చూసుకుంటున్నాడు.

"ఏం మామా, ఊరందరికీ పనికొచ్చిన సెయ్యి నీకు పనికిరాకుండా పోయిందా?"

లోపల గిన్నెల చప్పుడు వినబడుతోందో లేదో చూసుకుని, గొంతు తగ్గించాడు. "అది అందరికీ పనికొచ్చిందో లేదో తెలిస్తే గదా అల్లుడా."

అప్పుడు చెప్పాడు. కుర్రతనంలో వాళ్ళమ్మతో కంచికి పోయాడు. గుడిలో తోపులాట. మెట్లెక్కే వంతు వచ్చింది. తలెత్తి చూస్తే ఆ బల్లి. బంగారుదైతే మాత్రం? బల్లి బల్లే కదా! కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి పైకెత్తాడు. చల్లగా ఏదో తగిలింది. వెనకవాళ్ళు తోసేశారు.

"ఆడ ఉండేది బల్లులొగటే గాదప్పా. పక్కనే సూర్యుడూ సెంద్రుడూ గూడా ఉండారు. నాకు తగిలింది బల్లో, సూర్యుడో, సెంద్రుడో, వట్టి రాయో."

"మరి అప్పుడే మళ్ళా ఎక్కలేకపోయినావా?"

"కిందికి దిగతానే మాయమ్మ నా సెయ్యి పట్టుకోని కండ్లకద్దుకునింది. ఇంగేం సెప్పేది?"



"అయితే మళ్ళా పోయి ముట్టుకోనొద్దాం," అన్నాను. "కంచి ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాము."

"పోతే ఎందుకు పోయినాడంటారు. ఒగసారి ముట్టినోడికి మళ్ళా ఏం పని? అంటే ముందు ముట్టలేదనే గదా. ఇన్నేండ్లు నా కాడికొచ్చినోళ్ళు ఏమైపోవాల?"

తన నెత్తి మీద మృత్యువు కూర్చుందని నమ్ముతున్న మనిషి. అయినా వీధిలో జనం ఏమైపోతారన్నదే ఆయన బాధ. రూములు లేవని చెప్పీ చెప్పీ అలిసిపోయినవాడికి, ఇచ్చిన రూములన్నీ ఉత్తవని తేలితే ఎలా ఉంటుందో అలా ఉన్నాడు.

సరే, అబద్ధమాడి పోదామని నిర్ణయించుకున్నాం. అదే బల్లి సినిమా తమిళనాడులో తమిళంలో ఆడుతోందనీ, అక్కడి హాలు పెద్దదనీ అత్తకు చెప్పాను.

ఆమె మా ఇద్దర్నీ కిందినించి పైదాకా చూసింది. "తమిళంలో అయితే బల్లి వేరేగా అరస్తాదా?"

"తేడా ఉంటాదంట అత్తా," అన్నాను.

బస్సు పుత్తూరు, నగరి దాటింది, తిరుత్తణి కొండ కనబడింది. ఆయన ధైర్యం కోసం కాబోలు, సినిమా ఎత్తుకున్నాడు. "అంత పెద్ద బల్లికి కూడా మింద ఏదన్నా పడతాదని భయం ఉంటాదా?" అని అడిగాడు. విమానాలు పడతాయి కదా అన్నాను. "అవును. మరి వాటి ఫలితం సూసుకునేదానికి దానికి పంచాంగం యాడుండాది, పాపం," అని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

కంచిలో వరస పెద్దదే. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన నుదురంతా చెమట. నా ముందు నిలబడ్డ ఆయన ఒకడుగు పక్కకు జరిగి, "ముందు నువ్వెక్కు," అన్నాడు.

ఎక్కాను. తల పైనే రాతి కప్పు. బంగారు బల్లి, వెండి బల్లి, పక్కన సూర్యచంద్రులు. ఎన్ని చేతులు తగిలాయో, అరిగి నున్నగా మెరుస్తున్నాయి. కళ్ళు తెరిచే చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. కిందికి చూస్తే ఆయన తలెత్తి, ఆ కప్పు వైపు చూస్తూ, కాలు మొదటి మెట్టు మీద పెట్టి ఆగిపోయి ఉన్నాడు. తెర మీద ఊళ్ళకు ఊళ్ళు తొక్కుతుంటే సమోసా తిన్న మనిషి.

"సీక్రం, సీక్రం," అని తొందరపెడుతున్నారు వెనక.

"రా మామా, ఏం గాదు."

ఆయన కాలు లేవలేదు. ఉన్నట్టుండి మొహం వెలిగింది. లాడ్జిలో ఆఖరి నిమిషంలో రూము ఖాళీ అయినప్పుడు కౌంటరు మనిషికి అలాంటి వెలుగు వస్తుంది కాబోలు. గబగబా నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. మెట్ల మీంచి నన్ను దించేదాకా వదల్లేదు. దించాక కూడా వదల్లేదు. ముట్టుకున్నవాణ్ణి ముట్టుకున్నా చాలు. ఆ వెసులుబాటు ఆయనకూ ఉందన్న సంగతి ఇన్నేళ్ళూ ఆయనకే తోచలేదు!

"కండ్లు తెరిసే ముట్టినావా?"

"తెరిసే మామా."

"బంగారుదా, ఎండిదా?"

"రెండూ."

"సూర్యుడు గాదు గదా?"

"కాదు."

"సెంద్రుడు?"

"మామా, జనం సూస్తా ఉండారు. సెయ్యి వదులు."

నమ్మకం ఏ కోశానా లేని నా చేతి మీంచి దిగి, ఆ పుణ్యం ఆయన చేతికి చేరింది. దారిలో ఏమన్నా తరుగు పోయిందేమోనని నేనడగలేదు. బయట ఇడ్లీ తిన్నాడు. ఒకటి తిని, ఇంకో ప్లేటు చెప్పాడు. నెత్తి మీద కూర్చున్నది దిగిపోయిందని నాకు అర్థమైంది.

తిరుగు బస్సులో అరక్కోణం రాకముందే కొత్త చింత మొదలైంది. ఇప్పుడు చెయ్యి నిజంగా కంచి చెయ్యి అయింది, సరే. ఇంతకుముందు ముట్టినవాళ్ళ సంగతేమిటి?

"అందరూ బాగానే ఉండారు గదా మామా. ఎవురికేమైంది?"

"బాగుండారు. నన్ను నమ్ముకోనుండారు. నేను దేన్ని పట్టుకోని ముట్టినా?"

 నేనేం చెప్పినా ఆయన వినేవాడు కాదు. మరుసటి రోజు నుంచి వీధిలో అందర్నీ తిరిగి ముట్టుకునే పని మొదలుపెట్టాడు. ఎందుకో చెప్పకూడదు, తప్పించుకుపోనివ్వకూడదు. కూరగాయల బండి ఆమె భుజం మీద పురుగు ఉందని దులిపాడు. ఆటో అతని చెయ్యి పట్టుకుని నాడి చూసి, నీకు వేడి చేసిందన్నాడు. ఆషాఢ మాసంలో ఒకాయన చెయ్యి పట్టుకుని ఊపి హ్యాపీ న్యూ ఇయర్ చెప్పాడు. ముట్టుకోగానే మనిషి మొహంలోకి ఒకసారి తేరిపార చూసి, ఒక బాకీ తీరిందన్నట్టు ముందుకు సాగిపోయేవాడు. ఒక టైలరమ్మ శ్రీకాళహస్తికి కాపురం మారిపోయి ఉంటే, అక్కరలేని జాకెట్టు గుడ్డ ఒకటి తీసుకుని బస్సెక్కి పోయివచ్చాడు. ఆ జాకెట్టు అత్తకు చంకలో పట్టేసింది.

"ఈ మనిసికి ఏమైంది నాయనా?" అని అత్త నన్ను నిలదీసింది. "ఎవురు కనబడితే వాళ్ళను తడమతా ఉండాడు. ఈ వయసులో నాకు తలవంపులు గాదా?"

"ఆప్యాయత ఎక్కువైంది అత్తా," అన్నాను. "కొందరికి లేటుగా వస్తాది."

చివరికి ఒక్కడు మిగిలాడు. ఎదురింటి లెక్కలయ్యవారు.

ఆయన రిటైరైన హైస్కూలు మేష్టరు. చాలా ఏళ్ళ కిందట మోకాలి మీద బల్లి పడితే, భార్య పోరు పడలేక వస్తున్నానని నలుగురికీ వినబడేట్టు చెప్పి, ముట్టించుకుని వెళ్ళాడు. ఆ రోజుల్లో వీళ్ళిద్దరూ జతగాళ్ళు. బల్లి సినిమాలకు పక్క సీటు అయ్యవారిదే. నేను తర్వాత వచ్చిన బదిలీ మనిషిని. జత చెడటానికి కారణం గోడలూ కాలవలూ కాదు. ఒక సినిమా చూసి వచ్చి, అయ్యవారు ఈయన వరండా గచ్చు మీద సుద్దముక్కతో లెక్క వేశాడు. ఎత్తు రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది, కాళ్ళ బలం నాలుగింతలే అవుతుంది. అలా పెంచుకుంటూ పోతే అంత పెద్ద బల్లి కాళ్ళు దాని బరువుకే విరిగిపోతాయి. నిలబడనే నిలబడదు.

"మూడు గంటలు నిలబడింది గదా. నువ్వు నిద్దరపోయినావా?" అన్నాడు ఈయన.

"లెక్క ప్రకారం అది పండుకోనుండాలప్పా."

"నీ లెక్కే పండుకోనుండాది. లేపు దాన్ని."

పిల్లకాయలకు జీవితమంతా లెక్కలు చెప్పినవాణ్ణి ఆ మాట అనకూడదు. అయ్యవారు సుద్దముక్క జేబులో వేసుకుని గేటు దాటిపోయాడు. అంతే. లోకంలో జనం పొలం గట్ల మీద విడిపోతారు, ఆస్తుల మీద విడిపోతారు. వీళ్ళు లేని జంతువు మోకాళ్ళ మీద విడిపోయి, ఎదురెదురు ఇళ్ళలో ఉంటూ, పేపరు అడ్డం పెట్టుకుని ఇన్నేళ్ళు బతికారు.

"ఆయన్ని వదిలేయ్ మామా," అన్నాను. "ఆయనకు ఇట్లాంటివాటి మింద నమ్మకం లేదు గదా."

"ఆయనకు లేదు. ముట్టింది నేను గదా." కాసేపు చొక్కా గుండీలతో ఆడుకున్నాడు. "నువ్వు గూడా రా. ఒగవేళ వాకిలేస్తే నువ్వు దాంట్లో కాలు పెట్టు."

సాయంత్రం వెళ్ళాం. అయ్యవారు బయట కుర్చీలో పేపరు చదువుతున్నాడు. గేటు చప్పుడుకు తలెత్తి, ఈయన్ని చూసి, మళ్ళీ పేపరులోకి చూశాడు. పేపరు తలకిందులుగా లేదు గానీ, చదువుతున్నట్టూ లేదు. ఈయన ఆ కుర్చీ దగ్గరికి పోయి ఏ సాకూ చెప్పలేదు. పురుగూ లేదు, నాడీ లేదు. చెయ్యి చాచి నిలబడ్డాడు, అంతే. అంత పొడుగు చెయ్యి ఆయనకుందని నేనెప్పుడూ గమనించలేదు.

అయ్యవారు లేచాడు. పేపరు కింద పడింది. ఆ చేతిని చూశాడు, ఈయన మొహం చూశాడు, చెయ్యి పట్టుకున్నాడు.

పని అయిపోయింది. ఈయన చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. అయ్యవారు వదల్లేదు.

"నువ్వే వస్తావనుకోలేదప్పా," అన్నాడు. తర్వాత బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డట్టు కొంచెం నిటారుగా అయ్యి, "నీళ్ళల్లో నిలబడతాది," అన్నాడు.

"యేంది?"

"ఆ బల్లి. నీళ్ళు బరువు మోస్తాయి. సముద్రంలో ఉన్నంతసేపూ దాని కాళ్ళకేం గాదు. ఆ వారమే తట్టింది నాకు."

"ఆ వారమే తడితే ఇన్నేండ్లు ఏం చేస్తా ఉండావు?"

"నువ్వు గేటు దాటి వస్తే సెప్పదామని ఉండాను."

చేతులు ఇంకా కలిసే ఉన్నాయి. "అది గూడా ఊళ్ళోకి ఊరికే వచ్చిపోతాదిలేప్పా," అన్నాడు ఈయన. "కాపరం సముద్రంలోనే." అయ్యవారు తలూపాడు. ఇద్దరు పెద్దమనుషులు ఒక సరిహద్దు తగువు తీర్చుకుని సంతకాలు పెట్టినట్టు ఉంది. లోపలినుంచి కాఫీ వచ్చింది. నాకు కూడా ఇచ్చారు, కానీ నేనున్నట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు.

ఈయన చాలా పెద్దమనసుతో రాజీకి వచ్చాడని వీధిలో చెప్పుకున్నారు. అది రిపేరు పని అని నాకొక్కడికే తెలుసు.

మర్నాడు సాయంత్రం చూస్తే, ఈయన మళ్ళీ ఎదురింటి గేటు తీస్తున్నాడు. ఆ మర్నాడూ అంతే. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, బల్లి ఊపిరి నీళ్ళ కింద ఎంతసేపు ఆగుతుందో, దానికి ఉప్పునీళ్ళు అరుగుతాయో లేదో మాట్లాడుకుంటున్నారు. నాలుగో రోజు దారిలో ఆపాను.

"మామా, అయ్యోరిది అయిపోయింది గదా. మళ్ళా ఎందుకు పోతా ఉండావు?"

ఆయన చేతిని తుండుగుడ్డతో తుడుచుకుంటూ, ఎదురింటి వైపు చూశాడు.

"మొన్న సరిగ్గా తగిలినట్టు లేదు అల్లుడా."

ఆ అనుమానం ఆయన పోయేదాకా తీరలేదు.